పరీక్షలకు ముందే అరచేతి చెమట సంగతి చూడండి

పదో పేజీకొచ్చేసరికి కాగితం అలలు అలలుగా ఉబ్బేది. పేజీ తిప్పబోతే అరచేతికి అంటుకుని లేచొచ్చేది. చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా నీలం సిరా. ఇంటర్ రెండేళ్లూ నా పరీక్షలు ఇలాగే గడిచాయి. "భయం తగ్గించుకో, అదే పోతుంది" అనేవారు ఇంట్లో. తెలుగు పేపరంటే నాకు భయమే లేదు, ఆ రోజూ చెయ్యి తడిసేది.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే పరీక్షలు దగ్గరపడేదాకా ఆగకండి. సంక్రాంతి సెలవుల్లోనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. మొదట ఇచ్చే చికిత్సలు కుదురుకోవడానికి వారాలు పడుతుంది.

దీన్ని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. చెమట గ్రంథుల్లో లోపమేమీ ఉండదు. వాటిని నడిపే నరాలే అవసరానికి మించి పురమాయిస్తాయి. చిన్నప్పుడో, టీనేజ్‌లోనో మొదలవుతుంది. రెండు చేతులకీ ఒకేలా పడుతుంది, నిద్రలో ఆగిపోతుంది. చాలా ఇళ్లలో అమ్మకో, నాన్నకో కూడా ఉంటుంది. టెన్షన్ వల్ల ఎక్కువవుతుంది, నిజమే. కానీ మూలం టెన్షన్ కాదు. పిల్లల్ని 'పిరికివాడివి' అంటే ఇంకాస్త తడుస్తుంది, అంతే. 'వేడి చేసింది' అని ఇచ్చే సబ్జా, మజ్జిగ ఒంటికి మంచివే కానీ అరచేతి చెమటను ఆపవు.

రాత్రి నిద్రలో పక్క తడిసేలా చెమట పట్టినా, బరువు తగ్గుతున్నా, జ్వరం, దగ్గు, గుండెదడ ఉన్నా సంగతి వేరు. థైరాయిడ్, టీబీ లాంటివి ఉన్నాయేమో ముందు చూడాలి. కొన్ని మందుల వల్ల కూడా చెమట పెరుగుతుంది, వాడుతున్నవన్నీ డాక్టర్‌కి చెప్పండి.

సాధారణంగా మొదట ఇచ్చేది అల్యూమినియం క్లోరైడ్ లోషన్. రాత్రి పడుకునే ముందు రాసి, పొద్దున కడిగేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: చేతులు కడిగి, తుడిచి, వెంటనే రాసేస్తారు. తడి తగిలితే ఆ మందు ఆమ్లంగా మారి మంటపెడుతుంది. ఫ్యాన్ కింద చేతులు పూర్తిగా ఆరనిచ్చి, వేళ్ల సందులు కూడా పొడిగా ఉన్నాయని చూసుకుని పలచగా రాయాలి. పగుళ్లు, కోతలు ఉన్నచోట వద్దు. తేడా కనిపించాక వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు.

లోషన్‌తో తగ్గకపోతే అయాంటోఫోరెసిస్ ఉంది. నీళ్లు పోసిన ట్రేల్లో చేతులుంచి, 20 నుంచి 30 నిమిషాలు స్వల్పంగా కరెంటు పంపుతారు. మొదట్లో వారానికి మూడుసార్లు. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి చేయరు. వీడియోలు చూసి ఇంట్లో వైర్లతో మాత్రం ప్రయత్నించకండి, ప్రాణం మీదికొస్తుంది. బోటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు పనిచేస్తాయి, అరచేతుల్లో నొప్పి ఎక్కువ. నరం కత్తిరించే ఆపరేషన్ చేతులకి బాగా పనిచేసినా, తర్వాత చాలామందికి వీపు, పొట్ట మీద చెమట పెరుగుతుంది. పరీక్షల కోసమని ఆ దారి పట్టొద్దనే అంటాను.

చెమట తగ్గించే గ్లైకోపైరొలేట్ లాంటి మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. వాటితో నోరు ఎండుతుంది, ఒక్కోసారి చూపు మసకవుతుంది. అన్నిటికీ మించి, ఒళ్లంతా చెమట తగ్గడంతో ఎండలో శరీరం చల్లబడే దారి మూసుకుంటుంది. మే నెల ఎండలో ఎంట్రన్స్ సెంటర్ గేటు బయట గంటసేపు నిలబడే పిల్లకి వడదెబ్బ తగిలే ముప్పు పెరుగుతుంది. డాక్టర్ రాయకుండా వేయొద్దు. రాసినా, మొదటి మాత్ర పరీక్ష రోజున వేయొద్దు.

హాల్లోకి జెల్ పెన్ కాకుండా బాల్ పెన్ తీసుకెళ్లనివ్వండి. కాటన్ కర్చీఫ్‌కి అనుమతి ఉందో లేదో హాల్ టికెట్ సూచనల్లో ముందే చూడండి. పౌడర్ వద్దు, చెమటతో కలిసి పేస్టులా తయారై కాగితానికి అంటుతుంది. ఓఎంఆర్ షీటుని అంచుల దగ్గరే పట్టుకోవడం ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. వేలిముద్ర దగ్గర తడి చేతికి మిషన్ తీసుకోకపోతే కంగారు పడకుండా, "సార్, నాకు చెమట సమస్య ఉంది, తుడుచుకుని పెడతాను" అని చెప్పమనండి.