వంకర బడి కథలు రాసే పద్ధతి

వంకర బడి కథలంటే ఒక్క తప్పుతో కట్టిన బడిలో జరిగే పిలకాయల నవ్వు కథలు. ముందు బడి కట్టండి, పిలకాయల్ని తర్వాత చేర్చుకోవచ్చు. కాగితం మీద గదులు, వరండా, వంటగది గీసి, అందులో ఒకే ఒక్క తప్పు పెట్టండి. రెండోది పెట్టారంటే ఏది మామూలో ఏది వింతో చదివేవాడికి తెలియకుండా పోద్ది.

తప్పు కోసం దూరం పోబళ్ళేదు. 2022లో మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి పోయింది. ఊరు అంగుళం కదల్లేదు! నేను మాత్రం మార్కాపురం పలకల్ని పట్టుకున్నా. నా కథలో మేస్త్రి ఇటుకలు అమ్ముకుని గోడలన్నీ పలకలతో లేపేశాడు.

ఇక కోతలు ఆపి లెక్క ప్రకారం నడవాలి. గోడలు పలకలైతే పాఠం గోడ మీదే, బలపంతో. హాజరూ గోడ మీదే. మా వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. వాన పడ్డ మర్నాడు ఏం జరుగుద్ది?

"ప్రెజెంట్ సార్."

"గోడ మీద నీ పేరు లేదబ్బయా. నువ్వు ఈ బళ్ళో లేవు."

"ఇదిగో, ఉండా గదా సార్!"

"అయితే కొత్తగా చేరినట్టు. పాత బడి నుంచి టీసీ పట్రా."

వాడు ఆఫీసు గదికి పోయి టీసీ అడిగాడు. అట్టాంటి పిల్లోడు ఇక్కడ చదవలేదని చెప్పి పంపించారు.

ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు, చూశారా? అయివోరు చెడ్డోడు కాదు, రూలు తప్పడు, అంతే. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేస్తే నవ్వు చచ్చిపోద్ది. నత్తి మీద, లావు మీద, రంగు మీద జోకులు అసలొద్దు. నవ్వేదంతా గోడను చూసే.

కథకొక మనిషి చాలు. తర్వాతి కథ వంటామెది. గోడ మీది మెనూలో "కోడిగుడ్డు" అని ఉంటే, వానకి "గుడ్డు" కొట్టుకుపోయింది. మధ్యాహ్నం ప్రతి కంచంలో ఒక కోడి నిలబడి ఉంది. అక్కడ ఆపేయాలి. కోళ్ళని ఎవరు పట్టుకున్నారో రాస్తే పేజీ దండగ.

రెండు పేజీలు దాటనీయకండి. మూడో తరగతికి బయటికి చదవండి. ఎక్కడ పక్కోడి జామెట్రీ బాక్సు మీదికి చూపు పోద్దో ఆ వాక్యం కొట్టేయండి, మీకెంత ఇష్టమైనా సరే.

ఆఖరి కథలో బడిని బాగుచెయ్యబాకండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు తనిఖీకి వస్తారు, గోడలు తట్టి చూస్తారు, రిపోర్టు కూడా గోడ మీదే రాసి సంతకం పెట్టిపోతారు.