విశాఖలో అద్దె వంటింటికి వెలుగు: గోడ చెడకుండా లైట్లు అమర్చుకోవడం

విదేశాల నుంచి తిరిగివచ్చి గానీ, ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళ నుంచి గానీ విశాఖపట్నంలో కాపురం పెట్టేవారు ముందుగా మధురవాడలోనో, ఎంవీపీ కాలనీలోనో, గాజువాకలోనో ఒక అద్దె ఫ్లాటులో దిగుతారు. చాలా ఫ్లాట్లలో వంటింటికి ఇచ్చే వెలుగు ఒక్క ట్యూబ్‌లైటే. వంటగట్టు వైపు తిరిగి నిలబడితే ఆ వెలుగు మన వీపు మీద పడి, మన నీడ సరిగ్గా కూరగాయలు తరిగే చోట పరుచుకుంటుంది. వంజరం చేప తాజాదో కాదో మొప్పల ఎరుపు చూసి చెప్పాలన్నా, గోంగూరలో పుచ్చు ఆకులు ఏరాలన్నా ఆ నీడలో సాధ్యం కాదు. గట్టు పైన ఉండే అల్మరాల అడుగున సన్నని ఎల్ఈడీ లైట్లు పెట్టుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన వెంటనే ఆయన డ్రిల్లింగ్ మెషీన్‌తో వస్తారు. అద్దె ఇంట్లో దానికి ఒప్పుకోవద్దని నా మనవి.

గోడకు రంధ్రం పెట్టకూడదనడానికి ఇంటి ఓనరు మాట ఒక్కటే కారణం కాదు. వంటింటి టైల్స్ వెనుక కరెంటు వైర్ల గొట్టాలు, నీళ్ళ పైపులు కనబడకుండా నడుస్తుంటాయి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయికి అదే వరుసలో ఏముందో బయటి నుంచి తెలియదు. పైగా ఒకసారి పగిలిన టైలుకు జోడీ దొరకడం చాలా కష్టం. నిజానికి ఈ పనికి గోడ అవసరమే లేదు, ఎందుకంటే లైటు ఉండవలసింది అల్మరా చెక్క అడుగున, వైరు నడవవలసింది కూడా ఆ చెక్క వెంబడే.

విదేశాల నుంచి లైట్లు వెంట తెచ్చుకున్నవారు ప్లగ్గు పెట్టే ముందు అడాప్టర్ మీద ముద్రించిన అక్షరాలు చదవాలి. మన దగ్గర సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దాని మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పిన్నులు మార్చే ప్లగ్గు ఒకటి కొంటే సరిపోతుంది. అమెరికాలో కొన్నదాని మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే దాన్ని ఇక్కడి సాకెట్‌లో పెట్టనే కూడదు, అడాప్టర్ కాలిపోతుంది. దుబాయ్, మస్కట్, సింగపూర్ సరుకుకు వోల్టేజి చిక్కు ఉండదు, పిన్నుల ఆకారమే వేరు. ఏ సందర్భంలోనైనా లైట్ల పట్టీని (ఎల్ఈడీ స్ట్రిప్‌ను) ఉంచుకుని, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు ఉన్న అడాప్టర్‌ను ఇక్కడే కొనుక్కోవడం మేలు.

పట్టీ 12 వోల్టులదైతే మంచిది, చేతికి తగిలినా షాక్ కొట్టే ప్రమాదం ఉండదు. మీటరుకు 9.6 వాట్ల పట్టీ రెండు మీటర్లు వాడితే 19.2 వాట్లు అవుతుంది. అడాప్టర్ మీద కనీసం ఐదో వంతు మిగులు ఉంచుకోవాలి కనుక 12 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లది తీసుకోవాలి. వెలుగు రంగు 4000 కెల్విన్ ఉంటే పసుపు, కారం, ఆకుకూర తమ రంగుల్లోనే కనబడతాయి. 6500 కెల్విన్ నీలి ఛాయలోకి పోతుంది. వస్తువుల అసలు రంగును వెలుగు ఎంత బాగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్ఐ, డబ్బా మీద అది 90 అని ఉన్నది దొరికితే కొంచెం ధర ఎక్కువైనా దాన్నే కొనండి. పట్టీని నేరుగా అంటించకుండా, పాలరంగు మూత ఉన్న అల్యూమినియం పట్టాలో (ఛానల్‌లో) కూర్చోబెట్టాలి. మన ఇళ్ళలో గట్టు ఎక్కువగా నల్ల గ్రానైటే కాబట్టి, మూత లేకపోతే ఒక్కొక్క చుక్కా ఆ నునుపు మీద మెరిసి కళ్ళకు గుచ్చుకుంటుంది. పట్టాను గోడ వైపు కాకుండా అల్మరా ముందు అంచుకు దగ్గరగా పెడితే గట్టు మొత్తం వెలుగు పడుతుంది.

ఇక ఈ ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది ఉప్పుగాలిని. బీచ్ రోడ్డుకు దగ్గరగా లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల మామూలు ఇనుప క్లిప్పులు, స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, ఆ తుప్పు నీరు కారి తెల్లని గోడ మీద గోధుమరంగు చార మిగులుస్తుంది. కనుక లోహం అవసరమైన చోట స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. పట్టీని వైరుకు కలిపే ప్లాస్టిక్ క్లిప్పుల లోపల రాగి అంచులు పచ్చబారి, లైటు మినుకుమినుకుమనడం మొదలవుతుంది. సోల్డరింగ్ చేయించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగిస్తే ఆ బాధ ఉండదు. పట్టీ కూడా సిలికాన్ పూత ఉన్నదైతే తాలింపు ఆవిరినీ, సముద్రపు తేమనూ తట్టుకుంటుంది.

అంటించే టేపు విషయంలో తొందర పనికిరాదు. అల్మరా అడుగు మైకా వేసిన ప్లైవుడ్ అయితే టేపు గట్టిగా పట్టుకుంటుంది, కానీ దాని మీద ఏళ్ళ తరబడి పేరుకున్న పోపు జిడ్డు పోవాలి. ముందు గిన్నెలు తోమే సబ్బునీటితో, తరువాత శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి తుడవాలి. వేలితో రాస్తే కిచకిచమని చప్పుడు రావాలి. త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ వంటి, రెండు వైపులా అంటుకునే టేపు మామూలు గది వేడిమిలో తన పూర్తి పట్టును అందుకోవడానికి దాదాపు 72 గంటలు తీసుకుంటుంది. అందుకని ముందుగా ఖాళీ అల్యూమినియం పట్టాను అంటించి, మూడు రోజులు వదిలేసి, ఆ తరువాతే అందులో లైట్లు కూర్చోబెట్టాలి. ముసురు పట్టి చెక్క చెమ్మగా ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

పాత ఇళ్ళలో చెక్క అల్మరాలకు బదులు కడపరాయి గూళ్ళు ఉంటాయి. రాయి అడుగు గరుకుగా ఉంటే టేపు నిలవదు. అటువంటి చోట గూటి ముందు అంచుకు బిగించి వదిలే చిన్న బిగింపు లైట్లు గానీ, ఛార్జింగ్ లైట్లు గానీ నయం. ఛార్జింగ్ లైట్లలో బ్యాటరీ ఉంటుంది కాబట్టి వాటిని పొయ్యికి నేరుగా పైన పెట్టకూడదు.

వైరును అల్మరా వెనుక మూల వెంబడి నడిపించి, గోడ రంగు మీదుగా కాకుండా టైల్స్ మీదుగా సాకెట్ వరకు దించాలి. నునుపైన టైలు మీద అంటించే క్లిప్పులు బాగా నిలుస్తాయి, తీసినప్పుడు మచ్చ వదలవు. అదే క్లిప్పును డిస్టెంపర్ గోడకు అంటిస్తే తీసేటప్పుడు రంగుతోపాటు పుట్టీ పెచ్చు కూడా ఊడివస్తుంది. సాకెట్ దగ్గర వైరు కొంచెం కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా వంపు వదిలితే, వైరు మీద జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడతాయి. అడాప్టర్‌ను సింకుకూ, గ్యాస్ పొయ్యికీ దూరంగా, గాలి ఆడే చోట ఉంచాలి. కొత్త సాకెట్ కావాలంటే ఓనరు అనుమతితో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మాత్రమే పెట్టించాలి.

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునే రోజునే వంటింటి గోడలను, అల్మరాల అడుగుభాగాన్ని ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. లైట్లు మీవనీ, వెళ్ళేటప్పుడు తీసుకెళతామనీ అప్పుడే చెప్పడం మర్యాద.

ఇల్లు ఖాళీ చేసే నాడు పట్టాను చేత్తో పట్టుకుని లాగితే మైకా లేచిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో పట్టాను గోరువెచ్చగా కాచి, చేపలు పట్టే సన్నని నైలాన్ దారాన్ని టేపుకూ చెక్కకూ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతూ కోసుకుంటూ పోవాలి. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలుగా చుట్టి తీసి, మరకను నీలగిరి తైలంలో ముంచిన దూదితో తుడిచి, సబ్బుగుడ్డతో కడగాలి. ఆ తైలం మైకాకే, గోడకు తగిలితే నూనె మరక పడుతుంది. ఎక్కడైనా పుట్టీ పెచ్చు లేచి ఉంటే అంతమేరకే పుట్టీ నింపి, ఆరాక సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, ఓనరును గోడ రంగు షేడ్ నంబరు అడిగి చిన్న డబ్బా తెచ్చి రెండు పూతలు వేయించండి.