బానెట్ కింద లొడలొడ చప్పుడు: పవర్ స్టీరింగ్ పంపుదా, బెల్టుదా, మరొకదానిదా?

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడో స్టీరింగ్ తిప్పినప్పుడో బండి ముందు భాగం నుంచి లొడలొడ చప్పుడు వస్తే, నింద చాలా తరచుగా పవర్ స్టీరింగ్ పంపు మీద పడుతుంది. అయితే పంపును తిప్పే ఫ్యాన్ బెల్టే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరును, ఏసీ కంప్రెసరును, అనేక బండ్లలో వాటర్ పంపును కూడా తిప్పుతుంది. వీటిలో ఏ ఒక్కటి వదులైనా ఆ అదురు ఇనుము గుండా ఇంజన్ ముందు భాగమంతటా పాకుతుంది కాబట్టి చెవి సులువుగా మోసపోతుంది. ఏ భాగాన్నైనా విప్పే ముందు, చప్పుడు ఏ సందర్భంలో వస్తోందో, ఏ సందర్భంలో ఆగుతోందో ఓపికగా గమనించాలి. ఎక్కడ వెతకాలో ఆ సందర్భమే చెబుతుంది.

ముందుగా మీ బండిలో ఉన్నది ఏ రకం స్టీరింగో తెలుసుకోండి. నేటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉంటుంది. దానికి ఆయిల్ డబ్బా గానీ పంపు గానీ ఉండవు, బెల్టుతో సంబంధమూ ఉండదు. అటువంటి బండిలో బెల్టు వైపు చప్పుడు వస్తే అది స్టీరింగుది కాదని అక్కడితోనే తేలిపోతుంది. పాత ఇన్నోవా, బొలేరో, సుమో వంటి బండ్లలో బెల్టుతో తిరిగే హైడ్రాలిక్ పంపు ఉంటుంది. కింద పంపు గురించి రాసినదంతా ఈ రెండో రకానికే వర్తిస్తుంది.

బండి నిలిపి ఉంచినా వస్తూ, ఇంజన్ వేగంతో పాటు పెరిగే చప్పుడు

ఇది బెల్టు వైపు లోపమని చెప్పే గట్టి సూచన. ఇంజన్ ఆపి, బెల్టును టార్చి వెలుతురులో అంగుళం అంగుళం చూడండి. బెల్టు గాళ్లలో (లోపలి వైపు పొడవునా ఉండే గాడుల్లో) చిన్న రాయి ఇరుక్కున్నా, అంచు చీలి పోగు వేలాడుతున్నా బెల్టు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక ‘టక్’ వినిపిస్తుంది. ఆ టక్ వేగం కూడా ఒక ఆధారమే. ఉదాహరణకు బెల్టు పొడవు 1200 మిల్లీమీటర్లు, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంకు చివర ఉండి బెల్టును తిప్పే చక్రం) వ్యాసం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. బెల్టు ఒక చుట్టు తిరిగేసరికి క్రాంకు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే బెల్టులోని లోపం సెకనుకు సుమారు 5 సార్లు, క్రాంక్ పుల్లీలోని లోపం సుమారు 13 సార్లు కొడుతుంది. లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా టకటక వస్తుంటే బెల్టును అనుమానించాలి. విడివిడిగా వినపడక ఒకటే గరగరగా వస్తుంటే, అది వేగంగా తిరిగే చిన్న పుల్లీ బేరింగ్ అయ్యే అవకాశం ఎక్కువ.

బెల్టు మీద పగుళ్లు లేవు కాబట్టి అది బాగుందని అనుకోవడం పొరపాటు. ఇప్పటి బెల్టుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు పాత రబ్బరులా పగలదు, టైరులాగా అరుగుతుంది. గాళ్లు వెడల్పై బెల్టు పుల్లీలోకి దిగిపోతుంది, పట్టు తగ్గుతుంది. కొత్తది కొనేటప్పుడు పాత బెల్టు వీపు మీది సంఖ్య చూపించండి: 6 పీకే 1200 అంటే 6 గాళ్లు, 1200 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం.

చప్పుడు బెల్టు వైపుదేనని నిర్ధారించడానికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోటో తీసుకుని, బెల్టును తీసేసి, ఇంజన్‌ను అర నిమిషం మాత్రం నడపాలి. చప్పుడు ఆగితే లోపం బెల్టు తిప్పే భాగాల్లోనే ఉంది. ఆగకపోతే అది ఇంజన్ లోపలిదో, క్రాంక్ పుల్లీదో, లేదా సైలెన్సర్ దగ్గర వేడిని అడ్డుకునే రేకుదో అయి ఉండాలి. వాటర్ పంపు అదే బెల్టుతో తిరిగే బండిలో నిమిషానికి మించి నడపరాదు. బెల్టు లేకుండా బండిని రోడ్డు మీదికి అసలే తీయరాదు: స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్యాటరీ చార్జ్ కాదు; కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటరు వెనకే ఉంటుంది కాబట్టి బ్రేకు కూడా రాయిలా గట్టిపడుతుంది.

బెల్టు తీసి ఉన్నప్పుడే ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడండి. మంచి బేరింగ్ చప్పుడు లేకుండా నునుపుగా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. గరగరమంటున్నా, ఆపకుండా బొంగరంలా తిరుగుతున్నా లోపలి గ్రీజు ఎండిపోయిందని తెలుసుకోవాలి. పుల్లీ అంచును రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ఏమాత్రం కదలిక ఉండకూడదు. ఐడ్లర్ పుల్లీ (దేనినీ నడపకుండా బెల్టుకు దారి చూపే చక్రం) బేరింగ్ పోతే పుల్లీ మొత్తాన్ని మార్చడమే మేలు. దానికి గ్రీజు పట్టించడం తాత్కాలిక ఉపశమనమే. పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ ఇరుసుతో సహా ఊగుతుంటే అప్పుడే పంపును నిజంగా అనుమానించాలి.

టెన్షనర్ వణుకుతుంటే

మా డీజిల్ బండిలో మూడేళ్ల క్రితం ఇదే లొడలొడ మొదలైంది. ఏసీ వేస్తే పెరిగేది, కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే తగ్గేది. పంపు పోయిందన్నారు, పంపు మార్పించాము. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికే చప్పుడు యథాతథంగా ఉంది. మర్నాడు ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి టార్చి వేసి చూస్తే బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చేయి కంటికి స్పష్టంగా కనిపించేటంతగా వణుకుతోంది. కదిలినప్పుడల్లా దాని అడ్డుకు తగిలి లొడలొడమంటోంది. టెన్షనర్ మార్చాక నాలుగు నెలలు హాయిగా ఉంది, ఆ తర్వాత మళ్లీ అదే చప్పుడు. అసలు దోషి టెన్షనర్ కాదు, ఆల్టర్నేటర్ పుల్లీ. అది తెలిసేసరికి పంపుకూ టెన్షనర్‌కూ పెట్టిన డబ్బు వృథా అయింది. ఈ భాగాన్ని ఇంత వివరంగా రాయడానికి అదే కారణం.

అనేక డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్ పుల్లీ ఒకవైపు మాత్రమే ఇరుసును పట్టి తిప్పి, రెండో వైపు వదిలేస్తుంది. ఇంజన్ సిలిండర్లు మండినప్పుడల్లా క్రాంకు వేగం క్షణకాలం పెరిగి తగ్గుతుంటుంది. బరువైన ఆల్టర్నేటర్ ఇరుసు అంత తొందరగా వేగం మార్చుకోలేదు కాబట్టి, ఆ ఒడుదుడుకులు బెల్టు మీద పడకుండా ఈ పుల్లీ వదులిస్తుంది. అది లోపల బిగుసుకుపోతే ప్రతి కుదుపూ బెల్టు ద్వారా టెన్షనర్ మీదికి వెళ్తుంది. టెన్షనర్ వణికి, దానిలో కుదుపును అణిచే డ్యాంపర్ అరిగి, లొడలొడ మొదలవుతుంది. పరీక్ష కష్టమైనది కాదు. బెల్టు తీసి, ఆల్టర్నేటర్ లోపలి ఫ్యాను కదలకుండా పట్టుకుని, పుల్లీని రెండు వైపులా తిప్పండి. ఒకవైపు తిరిగి, రెండోవైపు పట్టేయాలి. రెండు వైపులా తిరిగినా, రెండు వైపులా పట్టేసినా పుల్లీ పోయినట్టే. ఇంజన్ ఆపిన వెంటనే ఆల్టర్నేటర్ దగ్గర రెండు మూడు సెకన్లు గర్రుమనడం కూడా దీని లక్షణమే. పుల్లీ ఒక్కటే విడిగా దొరుకుతుంది, ఆల్టర్నేటర్ మొత్తం మార్చనక్కరలేదు. పాత పుల్లీని అలాగే ఉంచి కొత్త టెన్షనర్ వేయించవద్దు.

క్రాంక్ పుల్లీని కూడా చూడాలి. చాలా బండ్లలో అది రెండు ఇనుప వలయాలు, వాటి మధ్య రబ్బరుగా ఉంటుంది. రబ్బరు ముదిరి విడిపోతే బయటి వలయం ఊగుతూ కొట్టుకుంటుంది. రెండు వలయాల మీదుగా తెల్ల పెయింటుతో ఒకే గీత గీసి, వారం తర్వాత చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే పుల్లీని వెంటనే మార్చాలి. ఆ వలయం ఊడితే పక్కనున్నవన్నీ దెబ్బతింటాయి.

ఈ పనులన్నిటిలో ఒక జాగ్రత్త. ఇంజన్ నడుస్తుండగా చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా బెల్టు దరిదాపులకు రాకూడదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను పంపు లేదా ఆల్టర్నేటర్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం పాత పద్ధతే అయినా చక్కగా పనిచేస్తుంది. అయితే ఆ మొన కదలని భాగం మీదే ఉండాలి. రేడియేటర్ ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా తనంతట తాను తిరగగలదని మరవకండి.

కీచుమనే చప్పుడు

ఉదయం స్టార్ట్ చేయగానే గానీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు గానీ కీచుమంటే బెల్టు జారుతోందని అర్థం. ఇంజన్ నడుస్తుండగా బెల్టు గాళ్ల వైపు సీసాతో కొన్ని నీటి చుక్కలు చల్లండి. చప్పుడు ఆగి కాసేపటికి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరుసలో లేవు. నీళ్లు పడగానే పెరిగితే బెల్టు బిగువు చాలదు. బెల్టు మీద స్టీరింగ్ ఆయిల్ పడుతుంటే ముందు ఆ కారడాన్ని ఆపి, తర్వాతే కొత్త బెల్టు వేయాలి.

స్టీరింగ్ తిప్పినప్పుడే వచ్చే మూలుగు, గరగర

ఇక్కడ ఆయిల్ వైపు చూడాలి. డబ్బా మీది కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఆయిల్ ఉందా, నురగ పట్టిందా అన్నది గమనించండి. నురగ ఉంటే గాలి చేరింది. డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు క్లిప్పు వదులైనా, దాని రబ్బరు రింగు ఎండినా ఆయిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ‘ఎక్కడా లీకు లేదు’ అన్న మాటతో ఆగిపోకూడదు. డబ్బా అడుగున ఉండే జల్లెడ మూసుకుపోయినా పంపుకు ఆయిల్ చాలక మూలుగుతుంది.

గాలి తీయాలంటే, బండి ముందరి చక్రాలు రెండూ నేలకు తగలకుండా జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా 15, 20 సార్లు తిప్పాలి. ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తుండాలి. బుడగలు ఆగిన తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేసి మరి కొన్నిసార్లు తిప్పాలి. ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీద గానీ బండి పుస్తకంలో గానీ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకండి. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. స్టీరింగ్ పూర్తిగా చివరికి తిప్పినప్పుడు వచ్చే ‘సుయ్’ మన్న శబ్దం లోపం కాదు, అధిక పీడనాన్ని వదిలే వాల్వు చేసే చప్పుడు. అయితే అలా 5 సెకన్లకు మించి పట్టి ఉంచితే ఆయిల్ కాగి పంపు అరుగుతుంది.

పీడనపు ఇనుప పైపు క్లిప్పు ఊడి బాడీకి తగులుతున్నా, పంపు బిగించిన బ్రాకెట్ బోల్టు వదులైనా పంపు పోయినట్టే వినిపిస్తుంది. ముందు వీటిని చూడండి.

గతుకుల్లోనే వచ్చే లొడలొడ

బండి నిలిపి ఇంజన్ వేగం పెంచినా రాక, గతుకుల రోడ్డు మీదే వస్తే బెల్టుతో, పంపుతో పని లేదు. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరిని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమని, మీరు టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) జాయింట్ల మీద, స్టీరింగ్ ర్యాక్ (ఆ కడ్డీలను పక్కకు తోసే పళ్ల కడ్డీ) బుష్ దగ్గర, స్టీరింగ్ ఇరుసు మలుపు దగ్గరి క్రాస్ జాయింట్ మీద ఒక్కొక్కటిగా చేయి పెట్టి చూడండి. వదులైన జాయింట్ ‘టక్’ మన్నది చెవి కంటే ముందు అరచేతికి తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని స్టాండు మీద లేపి, కుడి ఎడమ అంచులు పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే టై రాడ్ వైపు, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఉంటే బాల్ జాయింట్ లేదా చక్రం బేరింగ్ వైపు వెతకాలి. వీటన్నిటిలో ఏ కదలికా లేకపోతే స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీని) చూడండి. గతుకుల చప్పుడుకు అది చాలా తరచుగా కారణమవుతుంది, ఖర్చూ తక్కువే.

టై రాడ్ జాయింట్‌లో వదులు కనిపిస్తే మార్చేవరకు ఆ బండిలో ప్రయాణం పెట్టుకోకండి. కొత్త జాయింట్ వేసిన చోట నట్టుకు, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ పెట్టారా లేదా మీ కంటితో చూసుకుని, అక్కడి నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకువెళ్లండి.