ఎల్పీఐసీ-1 లినక్స్ ధ్రువపత్రం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అభ్యర్థులకు దరఖాస్తు విధానం

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లను నిర్వహించే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ (ఎల్పీఐ) ఇచ్చే తొలి అంచె ధ్రువపత్రం ఎల్పీఐసీ-1. 1999లో కెనడాలో ఏర్పడిన ఈ సంస్థ ఏ ఒక్క కంపెనీ లినక్స్‌కూ కట్టుబడి ఉండదు కనుక డెబియన్, ఆర్‌పీఎం అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ విధానాలు రెండూ సిలబస్‌లో ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలకు అలవాటుపడిన మన అభ్యర్థులు మొదట అడిగేది చివరి తేదీ గురించే. దీనికి నోటిఫికేషన్ గానీ చివరి తేదీ గానీ ఉండవు. డిగ్రీ అడగరు, గెజిటెడ్ అధికారి సంతకం అక్కర్లేదు, మీసేవ కేంద్రానికి వెళ్లే పనీ లేదు. దరఖాస్తు సమయంలో పత్రాలెవరూ చూడరు కాబట్టి అంతా సులువుగానే కనిపిస్తుంది. అసలు పరిశీలన డబ్బు కట్టిన తర్వాత, పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గర మొదలవుతుంది.

మొదటి పని సంస్థ వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఎల్పీఐ ఐడీ పొందడం. ఇది ఉచితం. జాగ్రత్త వహించవలసింది పేరు విషయంలో. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటాయి: పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటే, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగిలిపోవచ్చు, పాస్‌పోర్టులో వేరే గడిలోకి వెళ్లవచ్చు. పరీక్ష రోజున చూపబోయే గుర్తింపు పత్రాన్ని ముందే నిర్ణయించుకుని, అందులోని ఇంగ్లిషు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా ఖాతాలో నింపాలి. ఫొటో, సంతకం రెండూ ఉండి గడువు తీరని పాస్‌పోర్టు అన్నిటికంటే సురక్షితమని నా అభిప్రాయం; ఆధార్‌పై కార్డుదారుని సంతకం ఉండదన్న సంగతి చాలామందికి తట్టదు. జిరాక్సు కాపీలు, ఫోన్‌లో చూపించే డిజిలాకర్ ప్రతులు చెల్లవు.

ఆ తర్వాత పరీక్షలు నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థలో మరో ఖాతా తెరిచి, అందులో ఎల్పీఐ ఐడీని నమోదు చేయాలి. మొదటి ఐడీ మరచిపోయి రెండోది సృష్టించుకుంటే ఎల్పీఐసీ-1కు రాయవలసిన 101, 102 అనే రెండు పరీక్షల్లో ఒకదాని ఫలితం ఒకచోట, రెండోదాని ఫలితం మరోచోట చేరి, రెండూ కలిస్తేనే వచ్చే ధ్రువపత్రం ఆగిపోతుంది. స్లాటు ఎంచుకునేటప్పుడు 101-500, 102-500 అనే కోడ్లను సరిచూసుకోవాలి. తెలుగులో పరీక్ష లేదు కనుక భాష దగ్గర ఇంగ్లిషు ఎంచుకోవాలి.

ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి బుకింగ్ తెరపై కనిపించే మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలి, రెండు పరీక్షలకూ విడివిడిగా కట్టాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశీయ ఏటీఎంలకు, స్వైపింగ్ యంత్రాలకు మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. అందుచేత చెల్లింపుకు ముందే బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలను అనుమతించుకోవాలి.

పరీక్ష కేంద్రంలోనైనా, ఇంటి నుంచి పియర్సన్ వ్యూ వారి ఆన్‌లైన్ పరీక్ష విధానమైన ఆన్‌వ్యూ ద్వారానైనా రాయవచ్చు. కేంద్రాలు వెతికే చోట మీ ఊరితోపాటు చెన్నై, తిరుపతి, విజయవాడ కూడా ఇచ్చి తేదీలను పోల్చుకోవడం మంచిది. నెల్లూరు, కావలి వారికి చెన్నై రైలు, ఒంగోలు వారికి విజయవాడ రైలు అనుకూలం. ఇంటి పరీక్షకు గది నాలుగు వైపుల ఫొటోలు, గుర్తింపు పత్రం ఫొటో పంపాలి. అరగంట ముందే లాగిన్ కావాలి. పరీక్ష ముగిసేవరకు గదిలోకి ఎవరూ రాకూడదు, అభ్యర్థి కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఉమ్మడి కుటుంబంలో ఇది ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం. కరెంటును, ఇంటర్నెట్‌ను నమ్ముకుని ఆ నెలల్లో ఇంటి పరీక్ష పెట్టుకోవద్దని నా సలహా.

ఒక్కో పరీక్షకు 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. మార్కులు 200 నుంచి 800 వరకు ఉండే కొలమానంపై వస్తాయి, 500 వస్తే ఉత్తీర్ణత. కొన్ని ప్రశ్నలకు లినక్స్ ఆదేశాన్ని (కమాండ్) స్వయంగా టైపు చేయాలి కాబట్టి ఇచ్చిన జవాబులు చూసి గుర్తుపట్టే సాధన ఒక్కటే చాలదు. మొదటి ప్రయత్నంలో తప్పితే వారం ఆగి, మళ్లీ ఫీజు కట్టి రాయాలి. యంత్రంపై పని చేసి చూపే పరీక్షే కావాలనుకునేవారికి లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష ఉంది. అందులో 300కు 210 రావాలి, దాని దరఖాస్తు దారి వేరు.

రెండు పరీక్షలూ ఐదేళ్ల వ్యవధిలో పూర్తయితే ధ్రువపత్రం మంజూరవుతుంది, మరో ఐదేళ్లు చెల్లుతుంది. ఉద్యోగమిచ్చే సంస్థ నిర్ధారించుకోవడానికి ఎల్పీఐ ఐడీతోపాటు ఖాతాలో కనిపించే ధ్రువీకరణ కోడ్ కూడా ఇవ్వాలి, అందుకని చదువు ముగిశాక కూడా ఖాతా తెరవగలిగేలా దానికి కాలేజీ ఈమెయిల్ కాకుండా సొంత ఈమెయిల్ వాడాలి.