పాత ఫైబర్ బోటు లాగడం లేదా? ఇంజను విప్పే ముందు, దాన్ని బిగించిన వెనక పలక తట్టండి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. నా దగ్గరికి వచ్చే పాత బోట్లలో చాలావరకు ఆ 61 రోజుల్లో, ఇసుక మీద చూసి కొన్నవే. కళింగపట్నం వైపు కొత్త బోటుకు డబ్బు చాలనివాళ్లు పాతది కొనడమే మంచిదని నేనూ చెబుతాను. కానీ నీళ్లలో దించి, బరువుతో అరగంట నడపకుండా మొత్తం డబ్బు ఇచ్చేయకండి. నిషేధంలో దించడం కుదరదంటే, కొంత సొమ్ము జూన్ 15 తర్వాత ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

ముందు ఇంజను తిప్పలు చూద్దాం. పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోంది. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచారా? అది మూసి ఉంటే ఇంధనం ఇంజనులోకి దిగదు. ఆగిన వెంటనే మూత వదులు చేయండి, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే కారణం అదే. దయచేసి ఇది చూడకుండా కార్బురేటర్ విప్పకండి.

వేడెక్కుతోంది. ఇంజను పక్కనుంచి చల్లబరిచే నీటి ధార గట్టిగా రావాలి. సన్నగా వస్తుంటే ఆ రంధ్రంలో ఉప్పు, ఇసుక సన్నని తీగతో తీయండి. అయినా రాకపోతే పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) మార్చండి. పాత ఇంజను కొంటే దాన్ని ఎలాగూ మార్చాల్సిందే.

గేరు ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. ఫ్యాను (ప్రొపెల్లర్) తీసి షాఫ్టు చూడండి, వల నైలాన్ దారం చుట్టుకుని సీలును కోసేసి ఉండొచ్చు. దారం తీసి, సీలు, ఆయిల్ మార్చండి.

ఇక అసలు సంగతి. ఇంజను బాగానే మోగుతుంది, బోటు మాత్రం వెనక కుంగి లాగదు. భావనపాడు నుంచి ఒక తమ్ముడు ఇలాంటి బోటే తెచ్చాడు. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను, వేరే ఫ్యాను వేశాను. వారం పోయింది, అతని వేటా పోయింది. సాయంత్రం బిగించిన ఇంజను బోల్టు మర్నాటికి అర చుట్టు వదులవుతోందని అప్పుడు గమనించాను. స్పానర్‌తో వెనక పలక తట్టితే అంచుల్లో టక్ టక్‌మంది, ఇంజను కింద డబ్ డబ్‌మంది. లోపలివైపు నుంచి 6 మి.మీ. రంధ్రం వేస్తే నల్లటి తడి పొట్టు వచ్చింది, నానబెట్టిన కొబ్బరి పీచు వాసనతో. ఆ రంధ్రం నుంచి తెల్లారేదాకా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఆ పలక లోపల ఉండేది ప్లైవుడ్, రెండు వైపులా ఫైబర్. పాత ఇంజను బోల్టుల రంధ్రాలను పుట్టీతో పూడ్చి పైన రంగు వేస్తారు. పుట్టీ పగిలితే నీరు లోపలికి పోతుంది, ఫైబర్ దాన్ని బయటికి రానివ్వదు. రెండు నెలలు ఎండలో ఉన్నా పైపైనే ఆరుతుంది. లీటరు నీరంటే కిలో బరువు, అదంతా వెనకే. పైగా మెత్తబడిన పలక యాక్సిలేటర్ ఇవ్వగానే వంగుతుంది, ఫ్యాను కోణం మారిపోతుంది.

ఒక్క బోల్టు చుట్టూ తడిసి చెక్క ఇంకా గట్టిగా ఉంటే, ఇంజను దించి బాగా ఆరబెట్టండి. తర్వాత రంధ్రాన్ని పెద్దది చేసి రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక ఆ రెజిన్‌లోనే కొత్త రంధ్రం వేయాలి. చెక్క మెత్తబడితే పైపూతలు పనికిరావు. లోపలివైపు ఫైబర్ కోసి, ప్లై మొత్తం తీసి, అంచులకు కూడా రెజిన్ పట్టించిన మెరైన్ ప్లై పెట్టి, పైన ఫైబర్ మ్యాట్ పొరలు వేయించండి. అడుగు భాగం కూడా డబ్ డబ్‌మంటే ఆ బోటు కొనకండి.

ఇంజనులో కాయిల్, రీడ్ వాల్వ్ లాంటివి పాడవడం అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

కొనకముందు రంధ్రం వేస్తామంటే అమ్మేవాళ్లు ఒప్పుకోరు. ఇంజను బోల్టు ఒక్కటి తీయమనండి. ఆ రంధ్రంలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి పక్కకు గీకండి. పొడి పొట్టు రాలితే బేరం మాట్లాడండి, తడి ముద్ద వస్తే పలక మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.