సైట్‌లో మనుషులున్నారు, పని మాత్రం కదలదు: నిర్మాణ పనుల్లో లీన్ పద్ధతి, సమస్యలు – పరిష్కారాలు

నిర్మాణం ఆలస్యమైతే సైట్‌లో అందరికంటే ముందు నింద పడేది కూలీల మీద. మేస్త్రికి ఫోన్ చేసి ఇంకో పదిమందిని దింపమనడం, రాత్రి షిఫ్టు పెట్టమనడం, ఆదివారం కూడా రమ్మనడం మనకు అలవాటైన మందులు. హైదరాబాద్ శివారులో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ప్లానింగ్ చూస్తున్న రోజుల్లో నేనూ అదే మందు వాడేవాణ్ణి. ఒకరోజు మాత్రం నాలుగో అంతస్తులో టైల్స్ వేసే ముఠా పక్కన పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఆ 270 నిమిషాల్లో టీకి పోయినవి 20. మట్టం గుర్తు వేయవలసిన సూపర్‌వైజర్ కోసం ఎదురుచూడటానికి 45, హాయిస్ట్ (సామాను పైకెక్కించే లిఫ్టు) ఖాళీ లేక సెల్లార్ నుంచి టైల్స్ పెట్టెలను మెట్ల మీదుగా మోయడానికి 65, గదిలో ఎలక్ట్రీషియన్ వదిలివెళ్ళిన నిచ్చెన, వైరు చుట్టలు తీయించడానికి 30, ఒకే షేడ్ ఉన్న పెట్టెలు వెతుక్కోవడానికి 25 పోగా, టైల్స్ నిజంగా వేసింది 85 నిమిషాలే. ఆ ముఠాలోకి ఇంకో నలుగుర్ని దింపి ఉంటే, ఎదురుచూసేవాళ్ళు నలుగురు పెరిగేవారు.

జపాన్ కార్ల కంపెనీ టయోటాలో ఇంజనీరు టయిచీ ఓనో వృథాను ఏడు రకాలుగా విడదీశారు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూపు, మోత, అక్కరలేని ప్రక్రియ, నిల్వ, అక్కరలేని కదలిక, లోపాలు. ఆ ఒక్క పూటలోనే వీటిలో మూడు నాకు కళ్ళెదుట కనబడ్డాయి. ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ కోస్కెలా 1992లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా రాసిన నివేదికలో వృథాను తగ్గించే ఈ ఆలోచనను నిర్మాణ రంగానికి అన్వయించారు. దీన్నే లీన్ పద్ధతి అంటున్నాం. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ 1997లో అమెరికాలో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. వారు రూపొందించిన ప్రణాళికా పద్ధతికి ‘లాస్ట్ ప్లానర్’ అని పేరు. రేపు ఎవరు ఎక్కడ ఏ పని చేయాలో ఆఖరున తేల్చే మనిషే ఆ లాస్ట్ ప్లానర్. మన సైట్లలో ఆ మనిషి ఫోర్‌మన్, లేదా ముఠా మేస్త్రి. కింద చెప్పబోయే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే: పనిని ముఠా చేతికి అప్పగించేనాటికి ఆ పని సిద్ధంగా ఉండదు.

1. లక్షణం: ముఠా సమయానికి వచ్చినా, పని మొదలయ్యేసరికి పదకొండవుతోంది

కారణం: ఒక పని మొదలుకావాలంటే ఏడు చేతికందాలని కోస్కెలా చెబుతారు. డ్రాయింగ్, సామాను, మనుషులు, యంత్రాలు, చోటు, దానికి ముందు జరగవలసిన పని, వాతావరణం అనుమతులవంటి బయటి పరిస్థితులు. ఆరు ఉండి ఒక్కటి లేకపోయినా ముఠా ఆగవలసిందే. మన బార్ చార్టుల్లో మాత్రం ‘ఐదో అంతస్తు ప్లాస్టరింగ్, 12వ తేదీ ఆరంభం’ అని ఒక్క గీత ఉంటుంది. ఆ గీత వెనుక ఇసుక జల్లెడ పట్టారా, పరంజా కట్టారా, కరెంటు పైపులకు గోడలు కొట్టడం పూర్తయిందా అన్నవి ఎక్కడా కనబడవు.

పరిష్కారం: రాబోయే ఆరు వారాల పనులను విడదీసి, ఒక్కొక్క పనికి ఈ ఏడింటిలో ఏది ఇంకా రాలేదో పట్టిక రాయండి. ప్రతి అడ్డంకి పక్కన దాన్ని తొలగించవలసిన మనిషి పేరు, తేదీ తప్పక ఉండాలి. ‘పర్చేజ్ డిపార్ట్‌మెంట్’ అని రాస్తే ఎవరి పేరూ రాయనట్టే. అడ్డంకులు తీరిన పనిని మాత్రమే వచ్చే వారపు ప్రణాళికలోకి అనుమతించండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కిటికీలు ఆర్డరిచ్చాక 45 రోజులకు వస్తాయనుకుంటే, 42 రోజుల ముందుచూపు పట్టికలో ఆ పేరు కనబడేసరికే ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. లిఫ్టు, కిటికీలు, ట్రాన్స్‌ఫార్మర్ వంటి వాటి ఆర్డరు తేదీలను అసలు షెడ్యూల్లోనే విడిగా గుర్తుపెట్టాలి.

బయటి పరిస్థితుల్లో పండుగలను మరచిపోతే ప్రణాళిక కాగితానికే పరిమితమవుతుంది. సంక్రాంతికి శ్రీకాకుళం, పాలమూరు ముఠాలు ఊరికి వెళ్తాయి. ఛఠ్ పూజకు బీహార్ వాళ్ళు వెళ్తారు. వెళ్ళినవాళ్ళు మనం అనుకున్న తేదీకి తిరిగిరారు. మూఢంలో స్లాబ్ వద్దని స్థలం యజమాని పట్టుబట్టిన సందర్భాలూ నేను చూశాను. దానిపై వాదించడం దండగ, ఆ తేదీలను ముందే అడిగి పట్టికలో రాసుకోవడమే మేలు.

2. లక్షణం: సెంట్రింగ్ ముఠా ప్రతి నెలా కొన్ని రోజులు సామాను లేక కూర్చుంటోంది

కారణం: సామాను కింది స్లాబు కింద చిక్కుకుని ఉంటుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింద ప్రాప్‌లు (నిలబెట్టే ఊతకర్రలు) కనీసం 7 రోజులు, అంతకు మించిన స్పాన్‌కు 14 రోజులు ఉండాలి. 6 మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు ఉండాలి. సిమెంటు రకాన్ని బట్టి, చలిని బట్టి ఇవి ఇంకా పెరుగుతాయి. పది రోజులకొక స్లాబు అని షెడ్యూలు వేసి, ఒకే సెట్టు ప్రాప్‌లు కొంటే లెక్క కుదరదు.

పరిష్కారం: ముందు స్లాబుల మధ్య వ్యవధిని, ప్రాప్‌లు ఉంచవలసిన రోజులను పక్కపక్కన పెట్టి ఎన్ని సెట్లు కావాలో తేల్చండి. అద్దెకు ఇంకో సెట్టు తేవడం ఖర్చే, కాని పన్నెండుమంది సెంట్రింగ్ వాళ్ళను ఊరికే కూర్చోబెట్టి, ఆ తర్వాత వాళ్ళు వేరే సైట్‌కు వెళ్ళిపోతే మళ్ళీ వెతుక్కోవడం అంతకన్నా ఖరీదు. ప్రాప్‌లను గడువుకు ముందే తీసి పైకి పంపించి దాన్ని ‘లీన్’ అని పిలిచిన ఒక సైట్ ఇంజనీరును నేనెరుగుదును. ఆ పద్ధతి పేరుమీద భద్రత గడువును కోసేస్తే అది ప్రమాదమే, పొదుపు కాదు.

3. లక్షణం: వారం మొదట్లో ఇరవై పనులు రాస్తున్నాం, శనివారానికి పది పదకొండే పూర్తవుతున్నాయి

ఇది మీ ఒక్కరి కథ కాదు. బల్లార్డ్, హోవెల్ తొలినాళ్ళలో అమెరికా సైట్లలో కొలిచినప్పుడు కూడా వారపు ప్రణాళికలో రాసిన పనుల్లో సగానికి కొంచెం మించి మాత్రమే పూర్తవుతున్నట్టు తేలింది. పూర్తయిన పనులను మొత్తం పనులతో భాగిస్తే వచ్చే శాతాన్నే పీపీసీ (పర్సెంట్ ప్లాన్ కంప్లీట్) అంటారు. తొంభై శాతం అయిన పనికి ఇందులో సున్నాయే. ఎందుకంటే వెనుక వచ్చే ముఠాకు తొంభై శాతం పూర్తయిన గది ఎందుకూ పనికిరాదు.

కారణం: ప్రణాళిక రాసింది ఇంజనీరు, చేయవలసింది మేస్త్రి. ‘అవుతుందా?’ అని అడిగితే మన మేస్త్రులు ‘అవుద్ది సార్’ అంటారు, అది మాటివ్వడం కాదు, మర్యాద.

పరిష్కారం: పనిని కొలిచి చెప్పండి. ‘ప్లాస్టరింగ్ చూసుకో’ అనకుండా, ‘403 ఫ్లాట్ హాలు, రెండు పడకగదుల లోపలి ప్లాస్టరింగ్, గురువారం సాయంత్రానికి, తూకం, మట్టం చూసి ఒప్పగించాలి’ అనండి. దానికి ‘కాదు’ అనే హక్కు మేస్త్రికి ఉండాలి. మొదటిసారి కాదన్న మేస్త్రి మీద ప్రాజెక్ట్ మేనేజర్ గొంతు పెంచితే, ఆ తర్వాత నిజం చెప్పేవాడు దొరకడు. శనివారం ఏ పని ఎందుకు ఆగిందో ఒక్కొక్కటీ అడగండి, పై జవాబు దగ్గర ఆగిపోవద్దు. మా సైట్‌లో ఒక వారం కారణం ‘టైల్స్ రాలేదు’ అని రాశారు. ఎందుకు రాలేదంటే ఆర్డరు ఆలస్యం. ఆర్డరు ఎందుకు ఆలస్యమంటే ఫ్లాటు కొన్నవారు రంగు తేల్చలేదు. ఎందుకు తేల్చలేదంటే వారికి ఏ తేదీలోపు తేల్చాలో ఎవరూ చెప్పలేదు. కొనుగోలుదారుకు ఇచ్చే ఉత్తరంలో ఒక గడువు తేదీ చేర్చడంతో ఆ తలనొప్పి పోయింది. స్టోర్ కీపర్‌ను ఎంత తిట్టినా పోయేది కాదు.

పీపీసీ వంద శాతం వస్తే సంతోషించే ముందు అనుమానించండి. తిట్లు తప్పించుకోవడానికి మేస్త్రులు సులువైన పనులే రాయించుకుంటున్నారేమో చూడాలి. ఆ శాతానికి బోనస్ కట్టడం అంతకంటే చెడ్డ ఆలోచన.

4. లక్షణం: అన్ని అంతస్తుల్లోనూ పని నడుస్తోంది, ఒక్క ఫ్లాటూ పూర్తికావడం లేదు

సైట్‌కు వచ్చిన యజమానికి ఇది సందడిగా, ముచ్చటగా కనిపిస్తుంది. నిజానికి డబ్బు అత్యధికంగా చిక్కుకుపోయేది ఇక్కడే. వారానికి రెండు ఫ్లాట్లు పూర్తవుతూ, పన్నెండింటిలో పని నడుస్తుంటే, ఒక్కో ఫ్లాటు ఆరు వారాలు ఆ గొలుసులో ఉంటుంది. పూర్తయ్యే వేగం పెరగకుండా ఇంకో ఎనిమిది ఫ్లాట్లు తెరిస్తే, అదే ఫ్లాటు పది వారాలు ఉంటుంది.

కారణాలు రెండు. మొదటిది, అంతస్తు మొత్తం అయ్యాకే తర్వాతి ముఠాకు అప్పగించే అలవాటు. ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, వరుసగా ఐదు ముఠాలు, ఒక్కో ముఠాకు ఒక్కో ఫ్లాటుకు ఒక రోజు అనుకోండి. అంతస్తు చొప్పున అప్పగిస్తే మొత్తం 36 రోజులు పడుతుంది. ఫ్లాటు చొప్పున అప్పగిస్తే 24 రోజులు. మనుషులు వాళ్ళే, వేగం అదే. మారింది అప్పగించే పరిమాణం ఒక్కటే. ప్లాస్టరింగుకు నీళ్ళు పట్టడం, ఆరడం వంటి తప్పనిసరి విరామాలు రెండు లెక్కల్లోనూ అదనంగా కలుపుకోవాలి.

రెండో కారణం కూలి కట్టే తీరు. చదరపు అడుగుకు ఒకే రేటు ఇస్తే, ముఠా విశాలమైన హాళ్ళ వైపు పరుగెడుతుంది. మూలలు, మలుపులు, పైపులు ఎక్కువున్న బాత్రూములు, యుటిలిటీ బాల్కనీలు వదిలేస్తుంది. అది మేస్త్రి దురాశ కాదు, మనం రాసిచ్చిన రేటులోని లోపం.

పరిష్కారం: తెరిచి ఉంచే ఫ్లాట్ల సంఖ్యకు పరిమితి పెట్టండి; ఒకటి పూర్తయితేనే కొత్తది తెరవాలి. ముఠాలు ఒకే లయలో నడిచేలా, నిదానంగా ఉన్న ముఠాలో మనుషులను పెంచండి, వేగంగా ఉన్న ముఠాను ముందుకు పరుగెత్తనీయవద్దు. బాత్రూములకు విడి రేటు ఇవ్వండి, లేదా పూర్తయిన ఫ్లాటు లెక్కన బిల్లు కట్టండి. శనివారం బట్వాడా మాత్రం ఆపవద్దు: డబ్బు చేతికి రాని వారం తర్వాత సోమవారం ముఠా అడ్డా మీదో, వేరే సైట్‌లోనో ఉంటుంది, అప్పుడు ఏ లయా మిగలదు.

5. లక్షణం: చేసిన పని పగలగొట్టి మళ్ళీ చేస్తున్నాం

కారణం: తనిఖీ చివర్లో జరుగుతోంది. బాత్రూములో టైల్స్ వేశాక కింది ఫ్లాటు సీలింగులో తడి కనబడితే, పగలగొట్టేది టైల్స్‌ను మాత్రమే కాదు. దాని కింది బెడ్డును, వాటర్‌ప్రూఫింగును, ఒక్కోసారి పక్క గది పెయింటునూ.

పరిష్కారం: వెనుక వచ్చే ముఠాను కొనుగోలుదారుగా భావించండి. బాత్రూములో నీళ్ళు నింపి కనీసం 24 గంటలు నిలబెట్టి, కింది నుంచి చూసి, ప్లంబరు, టైల్స్ మేస్త్రి ఇద్దరూ ఒకే కాగితంపై సంతకం చేశాకే టైల్స్ మొదలుకావాలి. ఇంకొక మాట: మొదటి ఫ్లాటును నమూనాగా చేసి, అన్ని ముఠాల మేస్త్రులనూ అందులోకి తీసుకెళ్ళి చూపించండి. అలా నిలబడి చూస్తుండగానే ఒకసారి మా వడ్రంగి, తలుపు తెరుచుకునే వైపు గోడమీదే స్విచ్ బోర్డు ఉందని, తలుపు తీస్తే అది వెనక్కి పోతుందని చెప్పాడు. అప్పటికి ఒక్క ఫ్లాటులోనే గోడ కొట్టారు కాబట్టి తప్పు ఒక్క చోటే దిద్దుకున్నాం.

6. లక్షణం: సామాను కొండలా ఉంది, కావలసింది మాత్రం దొరకదు

లారీ నిండా తెప్పిస్తే చవకన్న లెక్కలో రెండుమూడుసార్లు మోసిన కూలి, పగిలిన టైల్స్, మూడు నెలలు దాటి బలం తగ్గిన సిమెంటు బస్తాలు చేర్చి చూడండి. టైల్స్, శానిటరీ, కరెంటు సామాను ఫ్లాటు వారీగా కట్టలు కట్టి, పని మొదలయ్యే ముందురోజు సాయంత్రం, హాయిస్ట్ ఖాళీగా ఉన్న వేళ ఆ ఫ్లాటులోకే చేర్చండి.

అయితే ‘కావలసినప్పుడే తెప్పించుకో’ అన్న సూత్రాన్ని ఇసుకకు గుడ్డిగా వర్తింపజేయవద్దు. వానాకాలంలో నదులకు వరదలొస్తే ఇసుక రావడం ఆగిపోతుంది. అప్పుడు నిల్వ వృథా కాదు, రక్షణ. రెడీమిక్స్ కాంక్రీటుకు దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క: లోడు చేసిన రెండు గంటల్లోపు దింపుకోవాలి గనుక, పంపు సిద్ధంగా ఉందని చూసుకున్నాకే ప్లాంటుకు ఫోన్ చేయాలి.

7. లక్షణం: వారపు సమావేశం మూడు వారాలకే మొక్కుబడిగా మారింది

మేస్త్రులు వస్తారు, తలూపుతారు, వెళ్తారు. సాధారణంగా వారపు ప్రణాళిక రాసే బోర్డు ఇంజనీరు గదిలో ఉంటుంది, రాత ఇంగ్లీషులో ఉంటుంది, వచ్చినవాళ్ళలో ఒకరిది ఒడియా, ఒకరిది హిందీ, ఒకరిది తెలుగు. బోర్డును బయటకు, అందరూ టీ తాగే చోటికి తేవాలి. ముఠాకొక రంగు, ఫ్లాటుకొక అంకె, రోజుకొక గడి ఉంటే చదవడం రానివాళ్ళకూ తెలుస్తుంది. సమావేశం అరగంట దాటకూడదు, పని రాసిన చీటీని బోర్డు మీద అంటించేది మేస్త్రే కావాలి. మా దగ్గర అలా మార్చిన రెండో వారంలో సెంట్రింగ్ మేస్త్రి టీ గ్లాసు పట్టుకునే బోర్డు ముందుకొచ్చి, ‘గురువారం హాయిస్ట్ ప్లాస్టరింగ్ వాళ్ళదని రాసుంది గదా సార్, మా ప్లేట్లు ఎట్లా ఎక్కుతాయి?’ అని తన చీటీని తానే పీకి శుక్రవారం గడిలో అంటించాడు.