మోకాలి రిఫ్లెక్స్ సరిగ్గా చూడటం ఎలా?

మోకాలి చిప్ప కింద తట్టగానే కాలు దానంతటదే లేవడమే మోకాలి రిఫ్లెక్స్. దాన్ని చూడటానికి రబ్బరు తల ఉన్న రిఫ్లెక్స్ హ్యామర్, పాదాలు నేలకు ఆననంత ఎత్తయిన బల్ల ఉంటే చాలు. మనిషిని బల్ల అంచున కూర్చోబెట్టి కాళ్లు వేలాడేయమనండి. తొడ సగం దాకా బట్ట పైకి జరపండి. ప్యాంటు మీద కొట్టి చూసింది లెక్కలోకి రాదు.

చాలాచోట్ల కాలు మీద కాలు వేయించి కొట్టమని నేర్పుతారు. అది వద్దు. అలా కూర్చున్నవాళ్లు తెలియకుండానే తొడ బిగబడతారు.

ఇక అసలు పని, దెబ్బ. ఎక్కువమంది మోకాలి చిప్పనే కొడతారు. దానివల్ల నొప్పి తప్ప ఏమీ రాదు. చిప్ప కింది అంచుకీ, దాని దిగువన ముంగాలి ఎముక మీదుండే బొడిపెకీ మధ్య బొటనవేలితో నొక్కండి. గట్టి పట్టీలా తగిలేదే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ. కంటి అంచనా పనికిరాదు, ప్రతి మనిషికీ ప్రతిసారీ వేలితో వెతకాల్సిందే.

మీ ఎడమ అరచేయి ఆ మనిషి తొడ మీద ఆనించండి. హ్యామర్ పిడిని చివర్లో వదులుగా పట్టుకుని, మణికట్టు ఆడించి, దాని బరువుతోనే పడనివ్వండి. బలం అక్కర్లేదు, చురుకుదనం కావాలి. టెండన్ మీద దెబ్బ పడగానే తొడ కండరం హఠాత్తుగా సాగుతుంది. కండరంలోని స్పిండిల్ అనే గ్రాహకం ఆ సాగుదలను పసిగట్టి నాడిలోకి సంకేతం పంపుతుంది. నాడీతంతువు పొడవునా సోడియం అయాన్లు వరసగా లోపలికి దూకుతుంటే సంకేతం ముందుకు సాగుతుంది. నడుము భాగపు వెన్నుపాములో ఒకే ఒక్క సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) దాటి, కండరాన్ని కదిలించే నాడీకణమైన మోటార్ న్యూరాన్‌ను చేరి, అక్కణ్నుంచి తొడకు తిరిగొస్తుంది. నాడి కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, కండర కణాల్లో కాల్షియం వెలువడుతుంది, ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులను మయోసిన్ అనే మరో ప్రోటీన్ లాగుతుంది, కాలు లేస్తుంది. 1875లో దీన్ని వర్ణించిన ఇద్దరు జర్మన్ వైద్యుల్లో వెస్ట్‌ఫాల్, కండరమే నేరుగా స్పందిస్తోందని అనుకున్నారు. ఇది రిఫ్లెక్స్ అన్న ఎర్బ్ మాటే నిలిచింది.

మెదడు ఆజ్ఞ అక్కర్లేకపోయినా, మెదడు అడ్డుపడగలదు. హ్యామర్ వైపే చూస్తున్న మనిషి కాలు బిగిస్తాడు. మాటల్లో పెట్టండి. అయినా రాకపోతే వెంటనే 'లేదు' అని రాసేయకండి. రెండు చేతుల వేళ్లనూ ఒకదాంట్లో ఒకటి తగిలించుకుని, గట్టిగా ఎడంగా లాగమనండి. లాగుతున్న ఆ క్షణంలోనే కొట్టాలి, ఆలస్యమైతే ఫలితం తగ్గిపోతుంది. హంగరీ వైద్యుడు జెండ్రాసిక్ పేరు మీద నిలిచిన ఈ ఉపాయం వాడకుండా పరీక్ష ముగించకూడదు.

పాదాన్ని కాదు, తొడను గమనించండి. పాదం కదలకపోయినా అరచేతి కింద కండరం బిగిస్తే రిఫ్లెక్స్ ఉన్నట్టే. రెండో కాలికీ అంతే జోరుగా కొట్టి పోల్చండి. రెండువైపులా రిఫ్లెక్స్ ఒకేలా మందకొడిగా ఉండటం ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. మళ్లీ మళ్లీ చూసినా ఒకవైపే తేడా ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి.